మీకెంతకు పడింది?

1894 వేసవిలో డెట్రాయిట్ నగర మేయరు తన సవారీ గుర్రాన్ని వేలానికి పెట్టాడు. మేలుజాతి గుర్రం, ఊళ్లో పేరున్నది. ఆయనేమీ అప్పుల్లో కూరుకుపోలేదు. ఏటా పది లక్షల డాలర్లకు పైగా వ్యాపారం చేసే బూట్ల ఫ్యాక్టరీ ఆయనది. పనుల్లేక పస్తులుంటున్న కుటుంబాల చేత ఊరి చుట్టూ బీడుపడి ఉన్న జాగాల్లో ఆలుగడ్డలు వేయిద్దామని తలపెట్టాడు. దున్నించడానికి, విత్తనానికి డబ్బు కావాలి. చర్చిల్లో చందాలు పట్టమని అడిగితే ఊరంతా కలిపి వచ్చింది 13 డాలర్ల 80 సెంట్లు. ఇదేం పిచ్చి అని పెద్దవాళ్లు నవ్వుకున్నారు. పత్రికలకు హాస్యానికి కొదవ లేకపోయింది. అప్పుడు వేలానికి వచ్చింది గుర్రం.

ఆ మేయరు పేరు హేజెన్ పింగ్రీ. అమెరికా బయట ఈ పేరు విన్నవాళ్లు అరుదు. ఆ మాటకొస్తే అమెరికాలోనూ మిషిగన్ దాటితే అంతంతమాత్రమే. మన తెలుగు కుటుంబాలు వేలల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. వాళ్లకు డెట్రాయిట్ అంటే ఫోర్డు, జనరల్ మోటార్స్. పింగ్రీ కథ కార్ల కంటే ముందుది. హెన్రీ ఫోర్డు తన తొలి బండిని బ్యాగ్లీ అవెన్యూలోని కొట్టం నుంచి బయటికి తీసిన 1896 జూన్ రాత్రి ఆ ఊరికి మేయరు ఈ బూట్ల వ్యాపారే. మెల్విన్ హోలీ అనే చరిత్రకారుడు నిపుణుల అభిప్రాయాలు సేకరించి అమెరికా మేయర్లకు వరసలు కడితే, న్యూయార్క్ మేయరు లగార్డియా మొదటి స్థానంలో ఉన్న ఆ పట్టికలో పింగ్రీది నాలుగో చోటు.

పింగ్రీని సంస్కర్త అంటారు, జననాయకుడంటారు. గిట్టనివాళ్లు అప్పట్లో సోషలిస్టు అన్నారు, అరాచకవాది అన్నారు. నాకు మాత్రం ఆయన మొదటి నుంచి చివరిదాకా వ్యాపారిగానే కనిపిస్తాడు. సరుకు తయారుచేసి అమ్మేవాడికి ఒక అలవాటుంటుంది. ఏ వస్తువు చూసినా ధర అడిగి ఊరుకోడు, అది అమ్మేవాడికి ఎంతకు పడిందో ఆరా తీస్తాడు. పింగ్రీ ఆ ప్రశ్నను ఫ్యాక్టరీలో వదిలేసి రాకుండా మేయరు గదిలోకి కూడా తెచ్చుకున్నాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

తోలు కోసిన చెయ్యి

1840 ఆగస్టు 30న మెయిన్ రాష్ట్రంలోని డెన్మార్క్ అనే పల్లెలో పుట్టాడు. రైతు కుటుంబం. చదువు పెద్దగా సాగలేదు. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి నూలు మిల్లులో చేరాడు, తర్వాత మసాచుసెట్స్‌లోని హాప్‌కింటన్‌లో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసే పని నేర్చుకున్నాడు. తోలు కోయడం బూట్ల పనిలో కీలకం. కత్తి కాస్త పక్కకు పోతే నష్టం యజమానిది, తిట్లు పనివాడివి.

1862లో అంతర్యుద్ధానికి వెళ్లాడు. మసాచుసెట్స్ భారీ ఫిరంగి దళంలో మామూలు సిపాయి. 1864 మే నెలలో దక్షిణాది సైన్యానికి చిక్కాడు. పెట్టింది ఆండర్సన్‌విల్ బందీఖానాలో. జార్జియాలోని ఆ ఆరుబయలు కంచెలో సుమారు 45,000 మందిని కుక్కారు. దాదాపు 13,000 మంది ఆకలికీ రోగాలకీ పోయారు. పింగ్రీ బతికి బయటపడ్డ తీరు కూడా ఆయన స్వభావానికి తగ్గట్టే ఉంది. ఖైదీల మార్పిడి జరుగుతున్నప్పుడు హాజరు పిలుస్తుంటే వేరొకరి పేరుకు ‘ఉన్నాను’ అని పలికి బయటికొచ్చాడు. వచ్చినవాడు ఇంటికి పోకుండా మళ్లీ తన దళంలో చేరి యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు.

యుద్ధమయ్యాక డెట్రాయిట్ చేరాడు. కొన్నాళ్లు ఒక బూట్ల ఫ్యాక్టరీలో కూలీగా చేసి, 1866 చివర్లో చార్లెస్ స్మిత్‌తో కలిసి 1,360 డాలర్లకు పాత యంత్రాలతో సహా ఒక చిన్న కార్ఖానా కొన్నాడు. పింగ్రీ అండ్ స్మిత్. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అందులో 700 మంది పనివాళ్లు, ఏటా ఐదు లక్షలకు దగ్గరగా జతలు. బూట్ల వ్యాపారంలో పోటీ విపరీతం. పక్కవాడు జత మీద ఐదు సెంట్లు తగ్గిస్తే మనమూ తగ్గించాల్సిందే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

పెద్దమనుషులు తెచ్చిన అభ్యర్థి

1889లో డెట్రాయిట్ రిపబ్లికన్ పెద్దలకు మేయరు పదవికి అభ్యర్థి దొరకలేదు. ఊళ్లో డెమోక్రాట్ల పట్టు గట్టిది. ఐరిష్, జర్మన్, పోలిష్ వలస కూలీలు నిండిన ఊరు, రెండు లక్షల జనాభా. నిలబడితే ఓటమే అనుకుని ఎవరికి వారు తప్పుకుంటుంటే చివరికి చూపు పింగ్రీ మీద పడింది. రాజకీయాలేం తెలుసు నాకు, బూట్లు చేసుకోవడానికే తీరిక లేదన్నాడట. బలవంతం చేసి ఒప్పించారు. రిపబ్లికన్లంటే మద్యం వ్యతిరేకులన్న అనుమానం కూలీల్లో ఉంది. పింగ్రీ ఐరిష్ వాడల్లోని సారా కొట్లకు వెళ్లి, వాళ్ల ఎదుటే విస్కీ పుచ్చుకుని ప్రచారం మొదలుపెట్టాడు. అప్పటి మేయరు జాన్ ప్రిడ్జన్‌ను ఓడించి 1890 జనవరిలో గద్దెనెక్కాడు.

తెచ్చిన పెద్దలు ఆశించింది ఒక్కటే: పొదుపు. మున్సిపాలిటీ ఖర్చు తగ్గుతుంది, పన్నులు తగ్గుతాయి, అవినీతిపరులైన డెమోక్రాట్లు తొలగిపోతారు. మొదట్లో ఆయన చేసిందీ అదే. ఊరి వీధుల్లో పరిచినవి దేవదారు చెక్క దిమ్మలు. ఏటికేడు కుళ్లి గుంతలు పడుతుంటే కాంట్రాక్టర్లు మళ్లీ అవే దిమ్మలు, మళ్లీ అవే బిల్లులు. తోలు నాణ్యత చేత్తో తడిమి చెప్పగలిగినవాడికి ఈ మోసం పట్టడం ఎంతసేపు? అడుగున కాంక్రీటు వేసి పైన ఇటుక, తారు పరిపించడం మొదలుపెట్టాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు.

దొంగతనం కింది నుంచి వెతుకుతూ పోతే పైన తేలింది. లంచం తీసుకునే కౌన్సిలర్ కనిపిస్తాడు సరే, ఆ లంచం ఇచ్చేదెవరు? గ్యాస్ కంపెనీ, దీపాల కంపెనీ, ట్రాము కంపెనీ. వాటిలో వాటాలున్నవాళ్లెవరు? తనను తెచ్చి కూర్చోబెట్టిన పెద్దమనుషులే, వాళ్ల బంధువులే, వాళ్ల లాయర్లే. ఇక్కడ వెనక్కి తగ్గి ఉంటే పింగ్రీ ఒక మర్యాదస్తుడైన మాజీ మేయరుగా మిగిలేవాడు. మనం ఆయన గురించి చెప్పుకోవాల్సిన పనీ ఉండేది కాదు.

ఐదు సెంట్లా, మూడు సెంట్లా

వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో 1888 నుంచే కరెంటు ట్రాములు తిరుగుతున్నాయి. డెట్రాయిట్‌లో 1890లో ఇంకా గుర్రాలే లాగుతున్నాయి. టికెట్టు ఐదు సెంట్లు. రోజుకు ఒకటీ ఒకటిన్నర డాలరు కూలి వచ్చేవాడికి పోనూ రానూ పది సెంట్లంటే తేలిక కాదు.

1891 ఏప్రిల్‌లో ట్రాము కార్మికులు సమ్మె కట్టారు. ఊరు ఊరంతా వాళ్ల పక్కన నిలబడింది. జనం పట్టాలు పెకలించారు, బండ్లు బోల్తా కొట్టించారు. కంపెనీ సైన్యాన్ని పిలిపించమని మేయరు మీద ఒత్తిడి తెచ్చింది. మరో వ్యాపారి అయితే పిలిపించేవాడు. యజమానులంతా ఒక జట్టు కదా. పింగ్రీ పిలిపించలేదు. మధ్యవర్తిత్వానికి రమ్మన్నాడు. కంపెనీ దిగొచ్చింది. ఆ మూణ్నాలుగు రోజుల్లో పింగ్రీకి కొత్త స్నేహితులు వచ్చారు, పాత స్నేహితులు పోయారు.

తర్వాత అసలు పోరాటం. ట్రాము కంపెనీకి వీధులు వాడుకునే హక్కు ఊరిచ్చింది. 1879లో ఆ గడువును ముప్పై ఏళ్లు పొడిగించి రాసిచ్చారు. కంపెనీ ఆయుష్షే తీరిపోతుంటే దాన్ని మించి హక్కు ఎలా ఇస్తారని పింగ్రీ కోర్టుకెళ్లాడు. కేసు ఏళ్ల తరబడి నడిచి చివరికి కంపెనీయే నెగ్గింది.

కోర్టులో ఓడినవాడు బజార్లో గెలవాలని చూశాడు. పింగ్రీ వాదన సూటిగా ఉండేది. పట్టాలకు, బండ్లకు, కరెంటుకు నిజంగా పట్టిన పెట్టుబడి ఒకటి. ఆ కంపెనీలు కాగితాల మీద పెంచి చూపే వాటాల విలువ మరొకటి. ఐదు సెంట్ల టికెట్టులో కొంత ప్రయాణానికి, మిగతాది ఆ గాలి పెట్టుబడికి లాభం పంచడానికి. బూట్లలో అలా సాగదు, ఎదుటివాడి కొట్టు ఉంటుంది. వీధిలో రెండో పట్టా లేదు కాబట్టి ఇక్కడ సాగుతోంది. అయితే రెండో పట్టా వేయిద్దాం అన్నాడు. మూడు సెంట్ల టికెట్టుకు ఒప్పుకున్న కొత్త కంపెనీకి వీధులిచ్చాడు. పగలు పావు డాలరుకు ఎనిమిది టికెట్లు, రాత్రి పావు డాలరుకు ఆరు. 1895 జూలైలో ఆ బండ్లు కదిలాయి. అంత తక్కువకు ఎవడూ నడపలేడని అప్పటిదాకా చెప్పినవాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చింది.

పాత కంపెనీ తరఫున పోరాడటానికి వచ్చినవాడు టామ్ జాన్సన్. ఒహాయో రాష్ట్రపు ట్రాము వ్యాపారి, మాటకారి, పింగ్రీకి సమఉజ్జీ. ఈయన గురించి మళ్లీ చెబుతాను.

వీధి దీపాలదీ ఇదే లెక్క. ప్రైవేటు కంపెనీ దీపానికింత అని వసూలు చేస్తుంటే, మనమే కరెంటు తయారుచేస్తే ఎంత పడుతుందని పింగ్రీ అడిగాడు. జనం ఓటేసి సరేనన్నారు. 1895లో ఊరి సొంత విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది. గ్యాస్ ధర తగ్గింది. 1894లో ఒక రోజు స్కూలు బోర్డు సమావేశంలోకి నడిచి వెళ్లి, మీలో లంచగొండులున్నారు, రాజీనామా చేస్తారా జైలుకెళ్తారా అని అడిగాడు. బయట పోలీసులు సిద్ధంగా ఉన్నారు. నలుగురు సభ్యులను అక్కడికక్కడే పట్టుకున్నారు. నాటకీయత మీద ఆయనకు మక్కువ తక్కువేమీ కాదు. పత్రికలు తన మాట వేయకపోతే చెప్పదలచుకున్నది కాగితం మీద రాయించి మునిసిపల్ భవనం దగ్గర బోర్డు మీద అంటించేవాడు. జనం వచ్చి చదువుకునేవారు.

బీడు జాగా, ఆకలి కడుపు

1893లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, రైల్వే కంపెనీలు దివాలా తీశాయి. డెట్రాయిట్‌లో స్టవ్‌లు, రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలు పనివాళ్లను వేలల్లో ఇంటికి పంపాయి. ముందు రోడ్డున పడింది పోలిష్ వలస కూలీలు. భాష రాదు, ఆదుకునే బంధువుల్లేరు. 1894 ఏప్రిల్‌లో కానర్స్ క్రీక్ దగ్గర నీటి గొట్టాల తవ్వకం పనుల్లో దినకూలి బదులు తవ్విన మట్టిని కొలిచి డబ్బిస్తామనడంతో గొడవ రేగింది. షెరీఫ్ మనుషులు కాల్పులు జరిపారు. కూలీలు చనిపోయారు.

పేదల సహాయ నిధి ఖాళీ అవుతోంది. పన్ను పెంచడానికి పెద్దలు ఒప్పుకోరు. పింగ్రీ ఊరి పటం చూశాడు. రేటు పెరిగితే అమ్ముకుందామని రియల్ ఎస్టేట్ యజమానులు ఊరి అంచుల్లో వేల ఎకరాలు ఖాళీగా పడేసి ఉంచారు (ఇది హైదరాబాద్ శివార్లు ఎరిగినవాళ్లకు వివరించక్కర్లేదు). అమ్మేదాకా ఆ నేల పేదలకు సాగుకివ్వండి, అడిగిన రోజున ఖాళీ చేయిస్తాం అన్నాడు. కొందరు ఇచ్చారు. సుమారు 430 ఎకరాలు చేతికొచ్చాయి. కార్నీలియస్ గార్డినర్ అనే సైనిక కెప్టెన్ కమిటీకి నాయకత్వం వహించాడు. నేలను పావెకరం, అరెకరం మళ్లుగా కొలిచారు. ఎలా నాటాలో, ఎప్పుడు తవ్వాలో చెప్పే కాగితాలు ఇంగ్లీషు, జర్మన్, పోలిష్ మూడు భాషల్లోనూ అచ్చువేసి పంచారు.

దరఖాస్తులు మూడు వేలు వస్తే ఆ ఏడు నేల దొరికింది 945 కుటుంబాలకు. జూన్‌లో మొదలైంది పని, అంటే అదును దాటాక. పైగా వానలు ఆలస్యం. సోమరిపోతులు దున్నరు, దున్నినా దొంగలు తవ్వుకుపోతారు అని నవ్వినవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. నిజానికి పోలిష్ రైతు కుటుంబాల నుంచి వచ్చిన ఆ మనుషులకు ఆలుగడ్డ గురించి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. పిల్లాపాపలతో వచ్చి పొలాల్లో దిగారు. ఆలుగడ్డలతో పాటు చిక్కుడు, టర్నిప్ దుంపలు కూడా వేశారు. శీతాకాలానికి ముందు లెక్క చూస్తే కమిటీ పెట్టిన ఖర్చు సుమారు 3,600 డాలర్లు, పండిన పంట విలువ దాదాపు 14,000 డాలర్లు.

పింగ్రీకి ఇంతకంటే ఏం కావాలి? ఆయన ప్రసంగాలన్నిటిలోకీ ఈ రెండు అంకెలే గట్టి ప్రసంగం. మరుసటి ఏడు 1,546 కుటుంబాలు, ఆ పై ఏడు పదిహేడు వందల దాకా. న్యూయార్క్, బఫెలో, ఫిలడెల్ఫియా, ఇంకా ఎన్నో ఊళ్లు ఈ పద్ధతిని పట్టుకున్నాయి. నవ్విన పత్రికలే ‘ఆలుగడ్డల పింగ్రీ’ అన్న వెక్కిరింపును మెల్లగా ముద్దుపేరుగా మార్చేశాయి. అమెరికాలో ప్రజా కూరగాయల తోటల చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. ఆ పద్ధతి డెట్రాయిట్‌కే మళ్లీ పనికొచ్చింది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనాభా ఉన్న ఆ ఊరు 2020 నాటికి ఆరు లక్షల నలభై వేలకు పడిపోయింది. కూలిన ఇళ్ల జాగాలు బీళ్లయ్యాయి. 1970లలో మేయరు కోల్‌మన్ యంగ్ ఆ జాగాలను సాగుకివ్వడం మొదలుపెట్టాడు. నేడు ఊరి నడిమధ్య కూరగాయల మళ్లు కనబడతాయి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆలుగడ్డలు కరువును తీర్చలేదు. దరఖాస్తు పెట్టినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి మొదటి ఏడు నేలే దక్కలేదు. పని కోల్పోయినవాడికి పావెకరం మడి ఉద్యోగం కాదు. అయితే అంతవరకు పేదలకిచ్చే సాయం బిచ్చంలా ఉండేది. తీసుకునేవాడు తలవంచుకోవాలి, తాను సోమరిని కానని నిరూపించుకోవాలి. మడి దగ్గర ఎవరూ ఎవరికీ ఏదీ నిరూపించుకోనక్కర్లేదు. పంట ఎవరిది వాళ్లదే.

చెల్లించిన ధర

ఊరి పెద్దలు ఊరుకోలేదు. డైరెక్టరుగా ఉన్న బ్యాంకు ఆయన్ను బోర్డు నుంచి దించేసింది. చర్చిలో కుటుంబం కూర్చునే బల్ల చేజారింది. పెద్దింటి విందులకు పిలుపులు ఆగాయి. జనం మాత్రం ఆయన్ను వదల్లేదు. 1891, 1893, 1895, మూడుసార్లూ గెలిచాడు.

అయితే ఆయన్ను దేవుణ్ని చేయడం తప్పు. పార్టీ యంత్రాంగాలను ద్వేషిస్తూనే తనదైన యంత్రాంగం కట్టుకున్నాడు. ఉద్యోగాలు తనవాళ్లకే. ఎదురు చెప్పినవాడు ఆయన దృష్టిలో వెంటనే కంపెనీల మనిషి అయిపోయేవాడు. 1896లో మిషిగన్ గవర్నరుగా గెలిచాడు, కానీ మేయరు పదవి వదలనన్నాడు. రెండు కుర్చీల్లోనూ తానే ఉంటానని పట్టుబట్టాడు. 1897 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదని చెప్పేదాకా దిగలేదు. ఇంతకంటే పెద్ద మచ్చ గవర్నరుగా దిగిపోయే రోజుల్లో పడింది. స్పెయిన్‌తో యుద్ధం కోసం కొన్న సైనిక దుస్తులను ఆయన నియమించిన సైనికాధికారులే ఒక బూటకపు కంపెనీకి చవగ్గా అమ్మేసి, అవే బట్టలను కొత్తవని చెప్పి రాష్ట్రం చేత మళ్లీ కొనిపించారు. దోషులని తేలిన ఆప్తులకు పింగ్రీ క్షమాభిక్ష పెట్టాడు. ప్రతిచోటా ఎంతకు పడిందని అడిగినవాడు తన మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మరిచిపోయాడు. అభిమానులకు కూడా మింగుడుపడని సంగతి ఇది.

గవర్నరుగా ఆయన పోరాటం రైల్వేలతో. మామూలు రైతు తన నేల విలువ మీద పన్ను కడుతుంటే రైల్వే కంపెనీలు రాబడి మీద ఏదో కొంత కట్టి సరిపెట్టేవి. అందరికీ ఒకే కొలత పెట్టాలన్నాడు. రాష్ట్ర సెనేట్‌లో పందొమ్మిది మంది సభ్యులు అడ్డుగోడ కట్టారు. ‘అమరులైన పందొమ్మిదిమంది’ అని వాళ్లకు వ్యంగ్యంగా పేరు పడింది. ఒక చట్టం గట్టెక్కితే కోర్టు కొట్టేసింది. చివరికి మిషిగన్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ ప్రొఫెసర్ మార్టిమర్ కూలీ చేత 1900లో రాష్ట్రంలోని రైల్వేలన్నిటికీ వెల కట్టించారు. పట్టా, వంతెన, ఇంజను, పెట్టె, ఒక్కొక్కటీ చూసి ఎంత విలువో రాయించారు. పింగ్రీ పదవి దిగాక 1901లో రాష్ట్రం ఆస్తి విలువను బట్టి రైల్వే పన్ను చట్టం చేసింది.

ఆ ఏడు ఆయన ఆఫ్రికాకు ఏనుగుల వేటకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో లండన్‌లో కడుపు జబ్బుతో మంచం పట్టాడు. ఏడో ఎడ్వర్డు రాజు తన వైద్యులను పంపినా లాభం లేకపోయింది. 1901 జూన్ 18న చనిపోయాడు, అరవై ఒకటి నిండకుండానే. డెట్రాయిట్‌లో జనం చందాలు వేసుకుని గ్రాండ్ సర్కస్ పార్కులో 1904లో విగ్రహం పెట్టారు. కుర్చీలో కూర్చున్న పింగ్రీ. వుడ్‌వర్డ్ అవెన్యూకు అవతలి పక్క తర్వాత ఇంకో విగ్రహం వెలిసింది, అదీ కూర్చున్నదే. ఆయన తర్వాత మేయరైన డెమోక్రాట్ విలియం మేబరీది. రాజకీయంగా ఎన్నడూ పొసగని ఇద్దర్నీ ఒకే పార్కులో చెరో వైపు కూర్చోబెట్టారు.

టామ్ జాన్సన్ గురించి చెబుతానన్నాను. డెట్రాయిట్‌లో పింగ్రీ మీద కత్తి దూసిన ఆ ట్రాము వ్యాపారి తర్వాత తన ట్రాము వాటాలు వదిలించుకుని పూర్తిగా రాజకీయాలకే అంకితమయ్యాడు. 1901 ఏప్రిల్‌లో, పింగ్రీ చనిపోవడానికి రెండు నెలల ముందు, క్లీవ్‌లండ్ మేయరయ్యాడు. ఎత్తుకున్న నినాదం: ట్రాము టికెట్టు మూడు సెంట్లు! హోలీ పట్టికలో రెండో స్థానం ఆయనదే. అవతలి పక్షంలో కూర్చుని లెక్కలు చూసినవాడు కాబట్టి మూడు సెంట్లు ఎలా గిట్టుతాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

డెట్రాయిట్ ట్రాములు ఊరి సొంతం కావడానికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. 1920లో జనం ఓటేశారు, 1922లో మునిసిపాలిటీ లైన్లన్నీ కొనేసింది. కంపెనీతో ఆ బేరం నడిపిన మేయరు జేమ్స్ కజెన్స్ కూడా వ్యాపారే. ఫోర్డు కంపెనీ ఖాతాలు, అమ్మకాలు మొదటి రోజుల నుంచీ చూసి, 1919లో తన వాటాను సుమారు మూడు కోట్ల డాలర్లకు ఫోర్డుకే అమ్మి బయటికొచ్చినవాడు. ధర దగ్గర ఆయన్ను బోల్తా కొట్టించడం ఏ ట్రాము కంపెనీ వల్లా అయ్యే పని కాదు.